రక్షణ వ్యవహారాలపై ఒక్క ఎంపీ అడిగే ప్రశ్నలకు బలం ఉంటుందా?

ఉంటుంది, అయితే పట్టు వదలకుండా అడగాలి. బ్రిటన్‌లో లేబర్ పార్టీ ఎంపీ టామ్ డాలియెల్ చేసింది అదే.

ఫాక్‌లాండ్స్ దీవుల కోసం బ్రిటన్, అర్జెంటీనాల మధ్య జరిగిన యుద్ధంలో, 1982 మే 2న, బ్రిటిష్ జలాంతర్గామి కాంకరర్ అర్జెంటీనా యుద్ధనౌక బెల్‌గ్రానోను ముంచేసింది. 323 మంది చనిపోయారు. ఆ నౌక బ్రిటిష్ నౌకాదళం వైపు వస్తోందని బ్రిటన్ రక్షణ మంత్రి జాన్ నాట్ రెండు రోజుల తర్వాత పార్లమెంటు దిగువ సభ కామన్స్‌లో చెప్పారు. నిజానికి అది దాడికి కొన్ని గంటల ముందే దిశ మార్చుకుని వెనక్కి వెళుతోంది. పైగా దీవుల చుట్టూ బ్రిటన్ ప్రకటించిన నిషిద్ధ జలాల వెలుపల ఉంది.

డాలియెల్ ఏళ్ల తరబడి తేదీలు, వేళలు, నౌక దిశ ఒక్కొక్కటీ పట్టుకుని అడిగారు. మంత్రులు దాటవేశారు. చివరికి 1984లో రక్షణ శాఖ అధికారి క్లైవ్ పాంటింగ్ ఆయనకు ఈ ఘటనపై పత్రాలు పంపారు. అధికార రహస్యాల చట్టం కింద కేసు పెట్టినా, 1985 ఫిబ్రవరిలో జ్యూరీ పాంటింగ్‌ను నిర్దోషిగా వదిలేసింది.

నౌకను ముంచడం యుద్ధనీతికి లోబడిందేనని వాదించేవారు ఉన్నారు, ఆ వాదనకు బలమూ ఉంది. కానీ సభకు నిజం చెప్పారా లేదా అన్నది వేరే ప్రశ్న. నా దృష్టిలో అదే పెద్దది.

మన లోక్‌సభలోనూ ఇలా పట్టుబట్టి అడిగే వీలుంది: నక్షత్ర గుర్తు ప్రశ్నకు మంత్రి నోటితో జవాబివ్వాలి, అనుబంధ ప్రశ్నలూ ఎదుర్కోవాలి. గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వక జవాబుతో సరి.