మార్కెట్ యార్డు ఫొటోలతో బతుకుతెరువు ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. సెలవు దొరికితే ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లి హమాలీల ఫొటోలు తీస్తుంది. అన్నీ నలుపు తెలుపే. ఇంజినీరింగ్ వద్దు, ఇదే నా పని అంటోంది. దీంతో బతకగలదా?
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: వీధి ఫొటోలు మాత్రమే తీసి ఇల్లు నడపడం చాలా కష్టమండీ. పత్రికల పని, డాక్యుమెంటరీలు, స్వచ్ఛంద సంస్థల పనులు, పెళ్లిళ్లు అన్నీ కలిస్తేనే గడుస్తుంది. ఆ సంగతి అమ్మాయికి దాచకుండా చెప్పండి. కానీ ఆపకండి.

ఎందుకంటే ఆమె ఎంచుకున్న విషయం గట్టిది. మిర్చి సీజన్లో ఘాటుకు దగ్గుతూ బస్తా వీపుకెత్తుకునే హమాలీ, కాంటా దగ్గర తూకం వేసే దడ్వాయి, రాలిన కాయలు ఏరే ఆడవాళ్లు... వీళ్ల పని గురించి తెలిసి ఫొటో తీసేవాళ్లు తక్కువ. పల్లెల గురించి రాసే పాత్రికేయుడు పి. సాయినాథ్ 1993–2002 మధ్య 10 రాష్ట్రాల్లో గ్రామీణ మహిళల శ్రమను నలుపు తెలుపులో తీశారు. వాటితో పెట్టిన ప్రదర్శనలో ఫొటోల పక్కన ఆ పని గురించిన రాత ఉంటుంది. అమ్మాయి నేర్చుకోవలసింది అదే. ఎవరి బస్తా, ఎంత బరువు, కూలి ఎంత, సాయంత్రానికి నడుము ఎలా ఉంటుంది అని అడిగి రాసుకోవాలి. ఫొటో తీసే ముందు అనుమతి అడగాలి, తర్వాత ఒక ప్రింటు తీసుకెళ్లి ఇవ్వాలి. రాయగల ఫొటోగ్రాఫర్‌కే పని దొరుకుతుందని నా నమ్మకం.

మదురైకి చెందిన ఎం. పళని కుమార్ తల్లి చేపలు అమ్మేవారు. ఆయన ఇంజినీరింగ్ చదివి, కార్మికుల జీవితాలను ఫొటోలు తీసే పనిలోకి వచ్చారు. తల్లి కష్టాన్నీ కెమెరాకెక్కించారు. 2022లో దయానితా సింగ్–పారి డాక్యుమెంటరీ ఫొటోగ్రఫీ పురస్కారం అందుకున్నారు. పారి (పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా) అనేది పల్లె జీవితాల గురించిన వెబ్‌సైట్. దాని కథనాలు తెలుగులోనూ వస్తాయి, తండ్రీకూతుళ్లిద్దరూ చదవండి.

చదువు సంగతికి వస్తే, హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ)లో నాలుగేళ్ల బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ఫొటోగ్రఫీ ఉంది. ప్రవేశ పరీక్ష ఎఫ్ఏడీఈఈ. ఒకవేళ మీ మాట విని బీటెక్‌లో చేరినా దారి మూసుకుపోదు. డిగ్రీ తర్వాత గాంధీనగర్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ)లో ఫొటోగ్రఫీ డిజైన్‌లో ఎండెస్ (డిజైన్ పీజీ) చేయవచ్చు.

ఒక్క జాగ్రత్త చెప్పండి. కెమెరాలో రా (RAW) ఫార్మాట్ పెట్టుకుని తీసి, తర్వాత నలుపు తెలుపు చేసుకోమనండి. పత్రికకు ఎర్రటి మిర్చి రాశులే కావాలంటే రంగులు ఆ ఫైల్లోనే ఉంటాయి. ఖరీదైన కెమెరా ఇప్పుడే కొనవద్దు, సెకండ్‌హ్యాండ్‌ది చాలు.