ఎక్స్‌రే మెషీన్ పక్కన ఉద్యోగం.. పంపొచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం. మా అమ్మాయి పులివెందులలో ఫుడ్ టెక్నాలజీ బీటెక్ పూర్తి చేసింది. వేరుశనగ చిక్కీలు, స్నాక్స్ తయారుచేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ ట్రైనీగా రమ్మన్నారు. అక్కడ ఎక్స్‌రే మెషీన్ చూసుకోవాలట. పెళ్లి కావాల్సిన పిల్లకు రేడియేషన్ ఏమిటని వాళ్లమ్మ ససేమిరా అంటోంది. పంపమంటారా?

జవాబు: పంపండి. అయితే చేరేముందు అమ్మాయి అడిగి తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. వాటిలో అసలైనది రేడియేషన్ గురించి కాదు.

ముందు ఇంట్లో టెన్షన్ సంగతి చూద్దాం. ప్యాకెట్లలో రాయి, గాజు లాంటివి పట్టుకునే ఈ మెషీన్‌లో రేడియోధార్మిక పదార్థమేదీ ఉండదు. ఆస్పత్రి ఎక్స్‌రేలో లాగే కరెంటుతో నడిచే ట్యూబు ఉంటుంది, స్విచ్ ఆపితే కిరణాలూ ఆగిపోతాయి. తినే చిక్కీలోనూ ఏమీ మిగలదు. చుట్టూ స్టీలు పెట్టె, ప్యాకెట్లు వెళ్లే, వచ్చే దారుల్లో సీసం కలిపిన తెరలు. తలుపు తీస్తే ట్యూబు దానంతటదే ఆగాలి. సాధారణ ప్రజలకు ఇలాంటి వాటివల్ల ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ (ఒంటికి తగిలే రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) దాటకూడదన్నది పరిమితి. ప్రకృతి నుంచి ప్రపంచంలో ప్రతి మనిషికీ సగటున అంతకు రెట్టింపుకు పైనే ఎలాగూ అందుతోంది. సరిగ్గా ఉన్న మెషీన్ పక్కన నిలబడితే అందేది అతి స్వల్పం.

'సరిగ్గా ఉన్న' అన్నమాట మాత్రం గుర్తుపెట్టుకోండి. తేలికపాటి ప్యాకెట్లు ఆ తెరలకు తగిలి ఇరుక్కుంటుంటాయి. లైను ఆగిపోతోందని తెరలను పైకి మడిచి తాడుతో కట్టేయడం నేనొక చోట కళ్లారా చూశాను. అలాంటి చోట చేరొద్దు. ఏఈఆర్‌బీ (కేంద్ర అణుశక్తి నియంత్రణ మండలి) అనుమతి, రేడియేషన్ సర్వే రిపోర్టు చూపించమని అడగడం తప్పేమీ కాదు.

ఇక పని. మీ ఇంట్లో బియ్యం గాలించేటప్పుడు రాయి అడుగున ఎందుకు ఉండిపోతుంది? బరువు, సాంద్రత ఎక్కువ కాబట్టి. ఎక్స్‌రే కూడా ఆ సాంద్రత తేడానే చూస్తుంది. మన చెనిక్కాయల్లో విత్తనమంత రాయి ఉంటే జల్లెడకు దొరకదు, మెటల్ డిటెక్టర్‌కు అసలే తెలియదు. ఎక్స్‌రే స్క్రీన్ మీద మాత్రం నల్ల చుక్కలా కనిపిస్తుంది. గాజుపెంకు, ఇనుప ముక్క కూడా అంతే. అల్యూమినియం ఫాయిల్ ప్యాకెట్టయినా దానికి అడ్డు కాదు. కానీ వెంట్రుక, పురుగు, పల్చటి ప్లాస్టిక్, పుల్ల లాంటివి చాలావరకు తప్పించుకుపోతాయి. ఎక్స్‌రే ఉంది కదా, ఇక ఏరడం ఎందుకనే ఫ్యాక్టరీకి ఈ సంగతి తెలియదన్నమాట.

అమ్మాయి అసలు ఉద్యోగం స్క్రీన్ చూడటం కాదు, మెషీన్‌ను పరీక్షించడం. ఫ్యాక్టరీ రాసుకున్న వేళల ప్రకారం సన్నటి స్టీలు గుండో, గాజుపూసో ఉన్న టెస్ట్ కార్డును ప్యాకెట్‌తో పాటు బెల్టు మీద పంపాలి. మెషీన్ దాన్ని పట్టుకుని తాళం వేసిన డబ్బాలోకి నెట్టాలి. ఆ తాళంచెవి క్వాలిటీ వాళ్ల దగ్గరే ఉండాలి. రాత్రి రెండింటికి ఆ కార్డు దొరక్కుండా దాటిపోయిందనుకోండి. కిందటి పరీక్ష సరిగ్గా జరిగినప్పటి నుంచి తయారైన సరుకంతా ఆపి, మెషీన్ బాగయ్యాక మళ్లీ దాటించాలి. బయట లారీ ఎదురుచూస్తుంటుంది. సూపర్‌వైజర్ 'ఒక్కసారికి పంపించెయ్యమ్మా' అంటాడు. అప్పుడు కుదరదని చెప్పి, ఉన్నదున్నట్టు రిజిస్టర్‌లో రాయగలిగితే ఆ పిల్లకు ఈ రంగంలో తిరుగులేదు. హెచ్ఏసీసీపీ (ఆహారంలో ప్రమాదం ఎక్కడ రావొచ్చో ముందే గుర్తించి, అక్కడే అడ్డుకునే పద్ధతి) అని నాలుగేళ్లు చదివింది దీన్నే.

అందుకే ఇంటర్వ్యూలో ఈ ఒక్కటీ అడగమనండి: 'టెస్ట్ ఫెయిలైతే సరుకు ఆపే అధికారం ఎవరిది?' క్వాలిటీది అంటే సంతోషంగా చేరమనండి. ప్రొడక్షన్ వాళ్లు చూసుకుంటారంటే, జీతం రెండు వేలు ఎక్కువిస్తామన్నా ఆలోచించుకోండి. ఒకటి రెండేళ్లు చేశాక ఫుడ్ సేఫ్టీ ఆడిటింగ్ వైపు వెళ్లొచ్చు. పైచదువు మీద మనసుంటే మైసూరు సీఎఫ్‌టీఆర్‌ఐ (కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ)లో ఎమ్మెస్సీ ఉంది.

వాళ్లమ్మకు నా మాటగా చెప్పండి: మెషీన్ సంగతి అలా ఉంచి, నైట్ షిఫ్ట్‌కు కంపెనీ బండి ఇంటి దాకా వస్తుందో లేదో కనుక్కోమనండి.