డెస్క్‌టాప్ యాప్‌లో స్క్రీన్‌షాట్లు, రికార్డింగ్ పూర్తిగా ఆపొచ్చా?

కోచింగ్ నోట్సు, వీడియోలు చూపించే విండోస్ యాప్‌లో ప్రింట్ స్క్రీన్ కీని బ్లాక్ చేశాం, అయినా పేజీలు టెలిగ్రామ్‌లో తిరుగుతున్నాయి, ఇంకేం చేయాలి అని అడిగారు. అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌కి నేనూ ఇలాంటి యాప్ చేశాను. మీరు పడ్డ గోతిలోనే పడి లేచాను కాబట్టి చెప్తున్నా.

ముందు ఆ కీబోర్డ్ హుక్ (కీ నొక్కితే మధ్యలోనే పట్టుకునే కోడ్) తీసి అవతల పారేయండి. నేను కూడా మొదట అదే పెట్టి, డెమోలో ప్రింట్ స్క్రీన్ నొక్కి గొప్పగా చూపించాను. పక్కనే ఉన్న ఆఫీస్ కుర్రాడు విండోస్, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కాడు, పేజీ శుభ్రంగా వచ్చేసింది. అది ఆపితే ఓబీఎస్ లాంటి రికార్డింగ్ యాప్ ఉంది, అదీ ఆపితే మీటింగ్ యాప్‌లో స్క్రీన్ షేర్ ఉంది. కీలు ఆపుకుంటూ పోవడం కప్పల తక్కెడ వ్యవహారం.

విండోస్‌లో దీనికోసం ఉన్న అసలు ఫంక్షన్ సెట్‌విండో‌డిస్‌ప్లే‌అఫినిటీ. ఒక విండో స్క్రీన్‌షాట్‌లో రావాలా వద్దా అన్నది దీంతో చెప్తాం, విండోస్ 7 నుంచీ ఉంది. విలువ 1 ఇస్తే (డబ్ల్యూడీఏ మానిటర్) మానిటర్ మీద మామూలుగా కనిపిస్తుంది, స్క్రీన్‌షాట్‌లో, రికార్డింగ్‌లో మాత్రం ఆ చోటంతా నల్లగా వస్తుంది. విండోస్ 10లో 2004 అనే వెర్షన్ (2020లో వచ్చింది) నుంచి 17 కూడా పనిచేస్తుంది. దీంతో అసలు విండోయే మాయం, వెనకాల ఉన్నది కనిపిస్తుంది. అంతకు ముందు వెర్షన్లలో 17 ఇచ్చినా నలుపే వస్తుంది. నా ఓటు నలుపుకే. 17 పెట్టినన్నాళ్లూ "స్క్రీన్ షేర్ చేస్తే మీ యాప్ పోతోంది సార్" అని ఒకటే ఫోన్లు. నల్లగా కనిపిస్తే బ్లాక్ చేశారని పిల్లలకి వాళ్లంతట వాళ్లకే అర్థమవుతుంది.

మీది డబ్ల్యూపీఎఫ్ (విండోస్ యాప్‌లు కట్టే మైక్రోసాఫ్ట్ ఫ్రేమ్‌వర్క్) అన్నారు కదా, రెండు చోట్ల జాగ్రత్త. ఒకటి, కన్‌స్ట్రక్టర్‌లో పిలిస్తే విండో హ్యాండిల్ (విండోకి విండోస్ ఇచ్చే గుర్తింపు సంఖ్య) అప్పటికి ఇంకా సున్నానే, ఫంక్షన్ ఫాల్స్ ఇచ్చి ఊరుకుంటుంది, ఎర్రర్ ఏమీ కనిపించదు. హ్యాండిల్ తయారయ్యాక వచ్చే సోర్స్ ఇనిషియలైజ్డ్ ఈవెంట్‌లో పిలవండి, తిరిగొచ్చే విలువ తప్పకుండా చూడండి. రెండోది నన్ను రెండు రోజులు తిప్పలు పెట్టింది. విండో అంతా నల్లగా వస్తోంది, కానీ నలుపు మధ్యలో చాప్టర్ల కాంబో బాక్స్ జాబితా మాత్రం తెల్లగా, అక్షరం అక్షరం చదవగలిగేలా తేలుతోంది! కాంబో జాబితా, రైట్ క్లిక్ మెనూ, టూల్‌టిప్ (మౌస్ పెడితే తేలే చిన్న వివరం)... ఇవన్నీ దేనికది వేరే విండో, దేని హ్యాండిల్ దానికి ఉంటుంది. ప్రతి పాపప్ తెరుచుకున్నప్పుడు దాని హ్యాండిల్ పట్టుకుని మళ్లీ పిలవాల్సిందే. మా యాప్‌లో ప్రశ్నకి జవాబు టూల్‌టిప్‌లోనే ఉండేది, ఇక చూసుకోండి.

ఇంతా చేసి చూపిస్తే, సెంటర్ ఓనర్ గారు చిన్నగా నవ్వి, జేబులోంచి ఫోన్ తీసి మానిటర్‌ని ఫొటో కొట్టారు. "మరి దీన్నెట్లా ఆపుతవ్ బాబూ?" ఆపలేం. ఈ ఫంక్షన్‌తో పూర్తి రక్షణకి హామీ లేదని మైక్రోసాఫ్ట్ వాళ్లు కూడా డాక్యుమెంటేషన్‌లో ఇదే ఫొటో ఉదాహరణతో రాసుకున్నారు. ఫోన్ ఒక్కటే కాదు, వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిపే ఇంకో కంప్యూటర్‌లో) మీ యాప్ నడిపి బయటి సిస్టమ్‌లో రికార్డ్ చేస్తే ఈ ఫంక్షన్‌కి తెలియను కూడా తెలియదు. ఈ సెట్టింగ్ మార్చే హక్కు విండో సొంత ప్రాసెస్‌కే ఉన్నా, డీఎల్ఎల్ ఇంజెక్ట్ చేసేవాడు (తన కోడ్‌ని మీ యాప్‌లోకి ఎక్కించేవాడు) ఆ ప్రాసెస్‌లోకే దూరి సున్నా పెట్టి రక్షణ తీసేస్తాడు. అయితే అంత కష్టపడే విద్యార్థి మాకు ఇంతవరకూ తగల్లేదు. వీడియోలకి డీఆర్ఎం (కాపీ కాకుండా తాళం వేసే పద్ధతి), హెచ్‌డీసీపీ (మానిటర్‌కి వెళ్లే సిగ్నల్‌కి తాళం) దాకా వెళ్లొచ్చు గానీ, హెచ్‌డీసీపీ కాపలా కాసేది మానిటర్‌కి వెళ్లే కేబుల్ వరకే. తెర ముందు పెట్టిన కెమెరా దానికీ లొంగదు.

అందుకే మేం మిగిలిన శ్రమంతా వాటర్‌మార్క్ మీద పెట్టాం. మొదట కింద కుడి మూల వేస్తే మూల కత్తిరించి పంచారు. తర్వాత పేజీ మధ్యలో, అక్షరాల మీదుగా, లేత బూడిద రంగులో, ప్రతి పేజీకి చోటు మారేలా వేశాం. ఓనర్ గారు విద్యార్థి ఫోన్ నంబరే వేద్దామన్నారు, భయం ఉంటుందని. ఆఫీసులో ఉండే మేడం ఒప్పుకోలేదు: "ఆడపిల్లల నంబర్లు టెలిగ్రామ్‌కి ఎక్కితే ఎవరు సార్ జవాబుదారీ?" ఆవిడ మాటే నిజం. అడ్మిషన్ కోడ్, తేదీ మాత్రమే వేశాం. కొన్నాళ్లకి ఫోన్‌తో తీసిన ఒక పేజీ బయటికొచ్చింది, వంకరగా, ట్యూబ్‌లైట్ మెరుపుతో. కోడ్ మాత్రం చదవగలిగాం. ఆ అబ్బాయిని పిలిచి మాట్లాడితే, లాగిన్ ముగ్గురు రూమ్మేట్లు కలిసి వాడుతున్నారని తేలింది. మర్నాడే ఒక లాగిన్‌కి ఒకటే సిస్టమ్ అని కట్టేశాం.

సిగ్నల్ మెసేజింగ్ యాప్ వాళ్లు 2025 మేలో, విండోస్ రీకాల్ ఫీచర్ (తెరని మాటిమాటికీ ఫొటో తీసి దాచేది) తమ చాట్‌లని ఫొటోలు తీయకుండా పైన చెప్పిన విండోని దాచే పద్ధతే వాడారు. స్క్రీన్ రీడర్ల లాంటివి సరిగ్గా పనిచేయకపోవచ్చని, దాన్ని ఆపేసే సెట్టింగ్ కూడా ఇచ్చారు. మీ విద్యార్థుల్లో చూపు తక్కువ వాళ్లుంటే మీరూ అలాంటి సెట్టింగ్ ఒకటి పెట్టండి, కాకపోతే అది విద్యార్థి చేతిలో కాకుండా మీ అడ్మిన్ ప్యానెల్‌లో ఉండాలి.