ఇథియోపియాలో ఒకే పళ్ళెం, ఎదుటివారి చేతి ముద్ద

వేరే దేశపు భోజన అలవాట్లలో మనసుకు బాగా హత్తుకున్నది ఏదని అడిగారు. నా మట్టుకు ఇథియోపియా వాళ్ల గుర్షా. తన చేత్తో ముద్ద చుట్టి ఎదుటివారి నోట్లో పెట్టడాన్ని అక్కడ అలా అంటారు. అక్కడి గోండర్ నగరంలో రెండేళ్లు లెక్చరర్‌గా ఉన్నాను, ఆ ముద్దలు ఎన్ని తిన్నానో లెక్కే లేదు.

మొదటిసారి మాత్రం తప్పు చేశాను. వెళ్లిన నెలలోపే తోటి లెక్చరర్ ఒకాయన ఇంటికి భోజనానికి పిలిచాడు. వాళ్ల పాప నీళ్లు పోసి అందరి చేతులూ కడిగించింది. మధ్యలో ఒకటే పెద్ద పళ్ళెం, దాని నిండా పరిచిన ఇంజెరా అనే పుల్లటి అట్టు, మీద కుప్పలుగా కూరలు. చుట్టూ ఐదుగురం కూర్చుని ఎవరి వైపున్నది వాళ్లు తింటున్నాం. ఇంతలో ఆయన తల్లి ఇంజెరా ముక్క తుంచి, శనగపిండితో చేసే షిరోలో అద్ది, మడిచి నా నోటి దాకా తెచ్చింది. నేను తల వెనక్కి తీసి, చేతిలో పెట్టమన్నట్టు అరచెయ్యి చాపాను. ఆవిడ చెయ్యి గాల్లో అలాగే ఆగిపోయింది. "నిన్ను ఇంటి మనిషి అనుకుంటోంది, నోరు తెరువు" అన్నాడాయన మెల్లగా. తెరిచాను. ముద్ద నోరంతా నిండిపోయింది, బెర్బెరె అనే మసాలా కారానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. మింగేలోపే రెండోది సిద్ధంగా ఉంది. ప్రేమ ఎంతుంటే ముద్ద అంత పెద్దదవుతుందని తర్వాత తెలిసింది. ఆగిపోయిన ఆ చెయ్యి గుర్తొస్తే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇంజెరా గురించి కూడా చెప్పాలి. అది టెఫ్ అనే ధాన్యంతో చేస్తారు, గింజ ఆవగింజ కన్నా చిన్నది. పిండి కలిపి, పాత పిండి మీద తేరిన ఎర్షో అనే పుల్లటి నీళ్లు చేర్చి రెండు మూడు రోజులు పులియనిస్తారు. మితాద్ అనే వెడల్పాటి మట్టి పెనం మీద అంచు నుంచి లోపలికి చుట్టూ పోసి మూత పెడతారు. తిరగెయ్యరు. పైన సన్నటి చిల్లులు పడతాయి, వాటిని వాళ్లు కళ్లంటారు. కూర రసమంతా ఆ కళ్లలోకే ఇంకుతుంది, అందుకే పళ్ళెం అడుగున మిగిలే ముక్కకు అంత రుచి.

నేను మాంసం ముట్టను కాబట్టి వెళ్లే ముందు తిండి గురించి చాలా టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే ఇథియోపియన్ ఆర్థడాక్స్ క్రైస్తవులకు బుధవారం, శుక్రవారం ఉపవాసం, ఈస్టర్‌కు ముందైతే వరసగా 55 రోజులు. ఆ రోజుల్లో మాంసం, గుడ్లు, పాలు, వెన్న ఏవీ ఉండవు. హోటల్లో "యెత్సోం" అంటే ఉపవాసపు భోజనం అని అర్థం చేసుకుంటారు, పప్పులు, క్యాబేజీ, ఆకుకూరలు ఒకే ఇంజెరా మీద వడ్డిస్తారు. శాకాహారులెవరైనా వెళ్తుంటే ముందు ఈ మాట నేర్చుకోండి. ఉపవాసం కాని రోజుల్లో మాత్రం కూరలో వెన్న పడిందేమో అడిగి తినండి.

భోజనం అయ్యాక బునా, అంటే కాఫీ. పచ్చి గింజలు మన ముందే వేయించి, ఆ పొగ మన ముక్కు దాకా తెచ్చి చూపిస్తారు. దంచి, జెబెనా అనే మట్టి కూజాలో కాచి, చెవి లేని చిన్న కప్పుల్లో మూడు విడతలుగా పోస్తారు: అబోల్, తోనా, బెరెకా. చివరిదాని పేరుకు దీవెన అని అర్థం. మొదటి కప్పు తాగి క్లాసుందని లేవబోతే ఆ తల్లే భుజం పట్టి కూర్చోబెట్టింది. ఆ రోజు క్లాసుకు ఆలస్యంగానే వెళ్లాను, ఎందుకని పిల్లలెవరూ అడగలేదు.