మరిది వదిలేసిన సామాను, ముట్టుకోలేని గది

ప్రశ్న: మేం విజయవాడలో సొంత ఫ్లాట్‌లో ఉంటాం. మావారి పెద్దమ్మ కొడుకు ఉద్యోగం వెతుక్కుంటానని వచ్చి ఏడాదిన్నర మా ఇంట్లోనే ఉన్నాడు. మొదట్లో కొన్నాళ్లు నెలకు మూడు వేలు ఇచ్చాడు, తర్వాత అదీ మానేశాడు. మావారి దగ్గర అరవై వేలు చేబదులు తీసుకున్నాడు. సంక్రాంతికి ముందు ఏదో మాట పట్టింపు వచ్చి రాత్రికి రాత్రి బెంగళూరు వెళ్లిపోయాడు. తాళం వేసిన ఇనప పెట్టె, రెండు సూట్‌కేసులు, సర్టిఫికెట్ల ఫైలు, పరుపు, కూలర్, కింద పార్కింగ్‌లో బైకు అన్నీ మా నెత్తినే ఉన్నాయి. మొదట్లో ఫోన్ చేస్తే "వస్తా వదినా, కాస్త ఆగండి" అనేవాడు. మావారు కూడా "సరే, ఉండనీ" అన్నారు. ఇప్పుడు నా నంబరే బ్లాక్ చేశాడు. మా అమ్మాయి ఇంటర్‌కి వచ్చింది, దానికి ఆ గది కావాలి. పాత సామాన్లవాడికి వేసేస్తానంటే "ముట్టుకుంటే కేసు పెడతాం, పెట్టెలో బంగారం ఉంది" అని పెద్దత్తయ్యగారు బెదిరిస్తున్నారు. బైకు అమ్మి బాకీ కింద జమ చేసుకోమని మా తమ్ముడు అంటాడు. మావారు నోరు విప్పరు. ఇంటర్ రెండేళ్లూ గుడివాడలో ఆ పెద్దమ్మ ఇంట్లోనే ఉండి చదువుకున్నారట. ఆ పెట్టె కనపడితే చాలు, నాకు ఒళ్లు మండుతోంది. ఏం చేయమంటారు?

జవాబు:

అమ్మా, ముందు మీ తమ్ముడి సలహా సంగతి తేల్చేద్దాం. మీ మీద కేసు నిలబడే దారి ఏదైనా ఉందంటే అదొక్కటే. బైకు ఆర్‌సీ మీ మరిది పేరున ఉంది. అతని సంతకంతో ఫారం 29, ఫారం 30 లేనిదే పేరు మారదు. సంతకం లేకుండా కొనేవాడు విడిభాగాలకే కొంటాడు, అంటే ఆ బండి ఇక తిరిగిరాదు. ఎదుటివాడి వస్తువు అమ్ముకుని సొమ్ము వాడుకుంటే భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 314 ఉంది. నమ్మి వదిలిన వస్తువు అయితే సెక్షన్ 316 కూడా ఉంది. "వాడు మాకు బాకీ" అనేది దానికి జవాబు కాదు. ఒక బాకీ కోసం సంబంధం లేని ఇంకో వస్తువును పట్టి ఉంచుకునే హక్కును 1872 నాటి కాంట్రాక్టు చట్టం బ్యాంకుల్లాంటి కొందరికే ఇచ్చింది. మామూలు గృహస్థులకు లేదు. సర్టిఫికెట్లు దాచిపెడితే వాడే దిగొస్తాడన్న ఆలోచన ఎవరికైనా వచ్చి ఉంటే దాన్నీ వదిలేయండి. ఆ ఫైల్లో పాస్‌పోర్టు ఉందంటే అది మీ మరిదిది కూడా కాదు, చట్టప్రకారం కేంద్ర ప్రభుత్వ ఆస్తి.

మీ ఉత్తరంలో మూడు విషయాలు కలగాపులగం అయిపోయాయి. సామాను ఒకటి, అరవై వేలు ఒకటి, ఏడాదిన్నర వండిపెట్టినా చెప్పకుండా వెళ్లిపోయాడన్న మీ కోపం ఒకటి. సామాను మీద చెయ్యి వేసి మిగతా రెండూ తీర్చుకోవాలనిపిస్తోంది మీకు. అనిపించడం సహజం. కానీ దేని లెక్క దానికి విడిగా చూసుకుంటేనే మీరు నెగ్గుతారు. కలిపారంటే పెద్దత్తయ్యగారి చేతికి అస్త్రం మీరే ఇచ్చినవారవుతారు.

సామానుతో మొదలుపెడదాం. మీవారు ఫోన్‌లో "సరే, ఉండనీ" అన్నారు చూశారూ, చట్టం దృష్టిలో ఆ మాటకు బరువుంది. ఆ క్షణం నుంచి మీరు ఆ సామానుకు జీతం లేని కాపలాదారులు. మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో దాన్నీ అంత జాగ్రత్తగా చూడాలి. అంతకు మించి అక్కర్లేదు. గదిలోనే ఉంచాలని కూడా ఎక్కడా లేదు. చెమ్మ తగలని, ఎలుకలు చేరని అటక మీదకో, బాల్కనీ అల్మరాలోకో మార్చుకోవచ్చు. అంటే మీ అమ్మాయికి గది ఈ వారమే దొరుకుతుంది. ఈ కాపలా బాధ్యత ఎప్పటికీ కాదు, మీరు ఎప్పుడైనా దించుకోవచ్చు. ఇంట్లో అనుమతి మీద ఉన్న మనిషికి ఆ అనుమతి తీసేశాక, సామాను తీసుకెళ్లడానికి తగినంత గడువు ఇవ్వాలని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం సెక్షన్ 63 చెబుతుంది. తగినంత అంటే ఎన్ని రోజులో చట్టం లెక్కకట్టలేదు. వేరే రాష్ట్రంలో ఉన్నవాడు కాబట్టి ఒక నెల ఇవ్వండి, ఎవరూ తప్పు పట్టలేరు. ఇన్నాళ్లుగా "వస్తా" అంటున్నాడు, మీరు "ఎప్పుడొస్తావు" అంటున్నారు. ఎవరూ ఒక తేదీ కాగితం మీద పెట్టలేదు. మీ చిక్కంతా అక్కడే ఉంది.

గడువు ఉత్తరం కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. పెద్దత్తయ్యగారు బంగారం మాట ఎత్తారు కాబట్టి ఇక ఆ పెట్టెను మీరు ఒంటరిగా తాకకూడదు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ నుంచి ఒకరిని, మీ చుట్టం కాని ఇంకొకరిని ఒక ఆదివారం పిలవండి. ఫోన్‌లో వీడియో ఆన్ చేసి ఒక్కో వస్తువునీ చూపిస్తూ పేరు చెప్పండి. పెట్టె తాళం తియ్యకండి. తాళం కప్ప చుట్టూ వెడల్పాటి టేపు చుట్టి, టేపు సగం, పెట్టె సగం పడేలా సాక్షులిద్దరి చేత సంతకం పెట్టించండి. ఇంట్లో బరువు చూసుకునే మిషన్ ఉంటే పెట్టె దాని మీద పెట్టి అంకె కనపడేలా ఫొటో తీయండి. అవును, అతిగా అనిపిస్తుంది. రేపు "నాలుగు తులాలు తగ్గింది" అన్నప్పుడు మీకు దిక్కు ఆ ఫొటోనే. సూట్‌కేసులకూ ఇదే పద్ధతి. చివర్లో తెల్లకాగితం మీద జాబితా రాసి, తేదీ వేసి, అందరూ సంతకాలు చేయండి. ఊళ్లలో పంచనామా అంటారే, అలాంటిదే. తీసిన ఫోన్‌లో అసలు వీడియో చెరిపేయకండి. కోర్టు వరకూ వెళ్తే స్క్రీన్‌షాట్ల కంటే దానికే విలువ. గదిలో బూజు పట్టిన ఆవకాయ సీసాలు, పాచిపోయిన తిండి ఉంటే ఫొటో తీసి పారేయండి. వాటికి ఎవరి గడువూ అక్కర్లేదు.

ఇక ఉత్తరం. దీన్ని మీవారు రాయాలి, మీరు కాదు. రక్తసంబంధం ఆయనది, "సరే" అన్నదీ ఆయనే. వకీలు నోటీసు తర్వాత సంగతి. మొదటిది మామూలు భాషలో ఇలా ఉంటే చాలు: "నువ్వు మా ఇంట్లో వదిలి వెళ్లిన సామాను జాబితా దీనితో జత చేశాను. ఫలానా తేదీలోగా నువ్వు వచ్చి గానీ, నీ మనిషిని పంపి గానీ తీసుకెళ్లు. పంపే మనిషి పేరు నాకు ముందుగా నీ ఫోన్ నుంచి మెసేజ్ పెట్టు. ఆ తేదీ దాటితే నీ సామాను గుడివాడలో మీ ఇంటికి చేరుస్తాను, రవాణా ఖర్చు నీదే." ఇందులో తిట్లు వద్దు, బాకీ ప్రస్తావన అసలే వద్దు. అతని గుడివాడ చిరునామాకు స్పీడ్ పోస్టులో పంపండి, అందినట్టు రుజువు తీసుకోండి. అదే కాగితం ఫొటో వాట్సాప్‌లో, మెయిల్‌లో కూడా పెట్టండి. మిమ్మల్ని బ్లాక్ చేశాడు గానీ మీవారిని చేసినట్టు మీరు రాయలేదు. పోస్టు తీసుకోకుండా తిప్పి పంపినా కంగారు పడకండి. "తీసుకోలేదు" అని పోస్ట్‌మ్యాన్ రాసిన ఆ కవరు చింపకుండా అలాగే దాచండి. సరైన చిరునామాకు పంపి, కావాలని తిరస్కరిస్తే, అందినట్టే కోర్టులు లెక్కేస్తాయి.

మొదట్లో ఇచ్చిన మూడు వేల గురించి ఒక మాట. ఫోన్‌పేలో వేసినప్పుడు కింద "రెంట్" అని రాశాడేమో ఒకసారి చూడండి. అలా ఉంటే తను అతిథిని కాదు, అద్దెకున్నవాణ్ణి అని వాదించే సందు ఉంటుంది. అప్పుడు గడువు ఉత్తరం కూడా వకీలుకు చూపించాకే పంపండి. ఇంటి ఖర్చుకని ఇచ్చినదైతే అంత టెన్షన్ అక్కర్లేదు. ఏది జరిగిందో వకీలుకు అదే చెప్పండి.

గడువు దాటింది, అయినా ఉలుకూ పలుకూ లేదనుకోండి. అప్పుడూ అమ్మకం జోలికి పోవద్దు. దొరికిన వస్తువును కొన్ని పరిస్థితుల్లో అమ్ముకోవచ్చని ఒక నియమం ఉంది, యూట్యూబ్‌లో దాన్నే అందరికీ వర్తింపజేసి చెబుతుంటారు. అది రోడ్డు మీద దొరికిన వస్తువు గురించి. మీకు యజమాని ఎవరో తెలుసు, ఇల్లెక్కడో తెలుసు. చెప్పినట్టే ట్రాలీ ఆటో మాట్లాడి గుడివాడకు చేర్చండి. విజయవాడ నుంచి గంటన్నర దారి లేదు. ఆటో బిల్లు తీసుకోండి. కాపలా కాసినవాడికి అయిన అవసరమైన ఖర్చును సామాను యజమాని ఇచ్చుకోవాలని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 158లో ఉంది. వసూలవుతుందా అంటే మీ మరిదిని చూస్తే నాకు నమ్మకం లేదు, అయినా బిల్లు ఉండాలి. అక్కడ సామాను దించాక, "జాబితా ప్రకారం అన్నీ చేరాయి, పెట్టె మీద టేపు చెక్కు చెదరలేదు" అని రాయించుకుని సంతకం తీసుకోండి. సంతకం పెట్టనంటే గొడవపడకండి, దించుతున్నప్పుడు వీడియో తీస్తే సరిపోతుంది. అసలు దించనివ్వకపోతే వెనక్కి తెచ్చేసి వకీలు నోటీసు ఇప్పించండి. వీధిలో పెట్టి మాత్రం రాకండి.

బైకు తాళం మీ దగ్గరున్నా ఎవరూ నడపొద్దు, గుడివాడ దాకా కూడా. ఇన్సూరెన్స్ ఉందో లేదో తెలియని బండి అది. దారిలో ఏదైనా అయితే నడిపినవాడి మెడకు చుట్టుకుంటుంది. ట్రాలీలో ఎక్కించి పంపండి. బెంగళూరుకే పంపమంటాడా, రైల్వే పార్సిల్‌లో పంపవచ్చు. కానీ ఆర్‌సీ, గుర్తింపు కార్డుల నకళ్లు అతనే ఇవ్వాలి, ట్యాంకులో పెట్రోలు ఖాళీ చేయాలి.

కేసు పెడతామన్న బెదిరింపుకు మీరు భయపడనక్కర్లేదు. జాబితా, వీడియో, ఉత్తరం ఉంటే మీరు ఏం దాచుకున్నారని కేసు పెడతారు? మనశ్శాంతి కోసం కావాలంటే ఆ కాగితాలు జతచేసి మీ స్టేషన్‌లో ఒక సమాచార పత్రం ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఇది సివిల్ వ్యవహారం కాబట్టి పోలీసులు సామాను తీయించి పెట్టరు, అది ఆశించకండి. వకీలు ఫీజు భారమనుకుంటే కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 చట్టంలోనే ఉంది. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. కేసు వేయకముందే రెండు వైపులా పిలిపించి లోక్ అదాలత్‌లో రాజీ చేసే వీలుంది. ఆ రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ. మీలాంటి ఇంటి తగాదాకు అంతకంటే మంచి చోటు నాకు తోచడం లేదు.

అరవై వేల సంగతి సామాను వెళ్లాక ఎత్తండి. చేబదులుకు దావా వేయడానికి డబ్బు ఇచ్చిన రోజు నుంచి మూడేళ్లు గడువు. ఆ లోపు "అన్నయ్యా, ఆ అరవై వేలు దసరా తర్వాత ఇస్తా" అని సంతకం చేసిన కాగితం ఇచ్చాడంటే మూడేళ్ల లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. కాబట్టి గట్టిగా అడగడం కంటే రాతపూర్వకంగా ఒప్పించడం మేలు. ఇవన్నీ చేశాక కూడా రాకపోవచ్చు. ఆ డబ్బు మీద ఆశ ఎంత పెట్టుకోవాలో మీ ఇద్దరూ ముందే మాట్లాడుకోండి.

ఇక మీవారు. ఆయన నోరు విప్పకపోవడం మీ మీద లెక్కలేక అని మీరు అనుకుంటున్నారు. నాకు అలా అనిపించలేదు. రెండేళ్లు అన్నం పెట్టిన చెయ్యి ఆవిడది. ఆవిడ కొడుకు పెట్టెను గుమ్మం బయట పెట్టడమంటే ఆయనకు తిన్న కంచాన్ని తన్నినట్టుంటుంది. అది మీరు తీసిపారేయదగ్గ బాధ కాదు. అలాగని మీ అమ్మాయి హాల్లో టీవీ పక్కన కూర్చుని చదువుకోవడం దానికి పరిహారమూ కాదు. ఆ రుణం ఆయనది, తీర్చే పద్ధతి కూడా ఆయనే వెతకాలి. మీ వంటతో, మీ గదితో ఏడాదిన్నర తీర్చారు.

అందుకే ఉత్తరం పోస్టులో వెయ్యక ముందే మీవారిని ఒక్కరినే గుడివాడ పంపండి. ఫోన్ వద్దు. ఫోన్‌లో అయితే పెద్దత్తయ్యగారు ఏడ్చేస్తారు, ఈయన "సరే" అనేస్తారు. ఎదురుగా కూర్చుని, "పెద్దమ్మా, నువ్వు నాకు చేసింది నేను మర్చిపోను. తమ్ముడి సామానుకు ఏదైనా అయితే ఆ మాట పడలేను, అందుకే నా చేతుల మీదుగా నీకు అప్పగిస్తాను" అంటే చాలు. ఆవిడ బెదిరింపు వెనక ఉన్నది కూడా కొడుకు పరువే అని నా అనుమానం. ఉద్యోగం రాలేదు, అన్నయ్య ఇంట్లోంచి వెళ్లగొట్టారు అని ఊళ్లో అనుకుంటారని భయం. "వెళ్లగొట్టాం" అనే మాట మీ నోట రానివ్వకండి, చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఈ విషయం అసలు పెట్టకండి. మీ కోపం నిజమే. అది చెప్పుకోవాల్సింది మీవారితో. మరిదికి మెసేజ్‌లో రాశారంటే రేపు ఆ మెసేజ్ మీ మీదే వాడతారు.

ఆ కుర్రాడి దగ్గర మీ ఫ్లాట్ డూప్లికేట్ తాళంచెవి ఉందా? మీరు రాయలేదు. ఉంటే సామాను అప్పగించిన రోజున అడిగి తీసుకోండి. ఇవ్వకపోతే మెయిన్ డోర్ తాళం మార్పించండి. అప్పగింత పూర్తయ్యాక మార్చండి గానీ, అంతకు ముందు వద్దు. నా సామాను తీసుకోనివ్వకుండా తాళం మార్చారనే మాట రాకూడదు.