బడి ఆటస్థలంలో షాపులు కడతామంటున్నారు, ఆపగలమా?

ఆపగలరండీ. కాకపోతే ఎంత త్వరగా కదులుతారన్న దాన్ని బట్టి ఉంటుంది. ప్రభుత్వ బడి ఆటస్థలంలో రోడ్డు వైపు ముక్క తీసుకుని షాపులు కట్టి, ఆ అద్దెలు బడికే ఇస్తామంటున్నారని రాశారు. మా అమ్మాయి చదివిన బడి విషయంలోనూ అచ్చం ఈ మాటే చెప్పారు.

మాకు రెండుసార్లు జరిగింది. మొదటిసారి ఎవరం నోరెత్తలేదు. ప్రహరీ లేని మూల, ముళ్ళకంప పెరిగి ఉండేది. "ఎవరూ వాడట్లేదు కదా" అంటే నిజమే అనుకున్నాం. ఆరు గదులు లేచాయి. అద్దె స్థానిక సంస్థ సాధారణ ఖాతాలో కలిసిపోయింది, బడికి ఒక్క బెంచీ రాలేదు. నాలుగేళ్ళకు మిగతా మైదానం మీద కన్ను పడింది. అప్పుడు గానీ మేం మేలుకోలేదు.

జేసీబీ వచ్చేనాటికి వాళ్ళ పని సగం అయిపోయి ఉంటుంది. అంతకు చాలా ముందే ఏదో ఒక తీర్మానంలో ఆ స్థలాన్ని "నిరుపయోగంగా ఉన్నది" అని రాసేస్తారు. సమాచార హక్కు దరఖాస్తు పెట్టి తీర్మానం నకలు తెచ్చుకుంటే మాకూ అదే మాట కనబడింది. రోజూ రెండు వందల మంది పిల్లలు ఆడే చోటు! ఆ ఒక్క మాటను కొట్టేయించడమే మా మొదటి పని అయింది. నెల రోజుల పాటు ప్రార్థన, ఆటల పీరియడు, సాయంత్రం ఆటలు, అన్నింటికీ తేదీ పడేలా ఫొటోలు తీశాం. మా వినతిపత్రం కన్నా ఆ ఫొటోలే ఎక్కువ పనిచేశాయని నా నమ్మకం.

తర్వాత కాగితాలు. స్థలం ఎవరి పేరున ఉంది, ఏ అవసరానికి ఇచ్చారు, మాస్టర్ ప్లానులో ఏమని చూపించారు, ఈ మూడూ తేలాలి. మా బడి స్థలం ఒకరు దానమిచ్చింది. ఆ దస్తావేజు ఆఫీసులో దొరకలేదన్నారు. దాత మనవళ్ళను వెతికి పట్టుకుంటే వాళ్ళింటి ట్రంకుపెట్టెలో దొరికింది, "విద్యావసరాలకు మాత్రమే" అని స్పష్టంగా ఉంది. వెంటనే సర్వే చేయించాం. కాగితం మీదున్న విస్తీర్ణానికీ నేల మీదున్నదానికీ పొంతన లేదు, పక్కవాళ్ళు కూడా కొంత కలిపేసుకున్నారు. మీరూ ముందు కొలతలు వేయించండి.

అద్దె సంగతి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మంచివాళ్ళు కూడా అక్కడే మెత్తబడతారు. డబ్బు కోసం బడి నేల వదులుకుంటే ఏమవుతుందో చూడండి. అమెరికాలో 1785 నాటి చట్టం ప్రకారం చదరపు ముక్కలుగా కొలిచిన ప్రతి టౌన్‌షిప్‌ను 36 భాగాలు చేసి, 16వ భాగాన్ని బడుల కోసం కేటాయించారు. షికాగోకి అలా వచ్చిన భూమిని 1833లోనే దాదాపు అంతా అమ్మేశారు. ఇప్పుడది నగరం నడిబొడ్డు. బడి పక్కన మళ్ళీ ఓ ఎకరం కొనాలంటే ఏ ప్రభుత్వం వల్లా కాదు. పిల్లలు తగ్గిపోయారు, ఇంత స్థలమెందుకు అంటారు. తగ్గినవాళ్ళు పెరగవచ్చు, పోయిన నేల రాదు. ఇంగ్లండులో 1998 నాటి బడుల చట్టంలోని 77వ సెక్షన్ కింద ప్రభుత్వ బడుల ఆటస్థలాన్ని అమ్మాలంటే మంత్రి అనుమతి ఉండాలి. స్థానికంగా తేల్చేసుకోకుండా అలాంటి అడ్డు ఒకటి ఉండటం ఎంత అవసరమో మా అనుభవంతో నాకు అర్థమైంది.

కోర్టుకి వెళ్ళాల్సి వస్తే భారత సుప్రీంకోర్టు తీర్పులు రెండు మీ లాయరుకి చెప్పండి. లక్నోలో పార్కు కింద కట్టిన షాపింగ్ కాంప్లెక్సును తీసేసి పార్కును మళ్ళీ ఎప్పటిలా చేయమని 1999లో చెప్పింది. జగ్‌పాల్ సింగ్ కేసులో 2011లో, గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను ఎంత ఖర్చుపెట్టి కట్టుకున్నా క్రమబద్ధం చేయకూడదంది. ఆ తీర్పులోనే ఇచ్చిన కొద్దిపాటి మినహాయింపుల్లో, అప్పటికే బడి ఉన్న భూమి ఒకటి. స్టే మాత్రం పునాది తీయకముందే అడగండి. షాపులు అద్దెకిచ్చేశాక ప్రతి అద్దెదారుడూ కేసులో ఒక పక్షమవుతాడు, ఏళ్ళు పడుతుంది.

ఇంకో మాట. టీచర్లను ముందుకు నెట్టకండి. వాళ్ళు ప్రభుత్వ ఉద్యోగులు, మాట్లాడితే బదిలీ అవుతుంది. మా దగ్గర ఒకరికి అయింది, ఆ బాధ నాకింకా ఉంది. సంతకాలు తల్లిదండ్రులవి, పాత విద్యార్థులవి ఉండనివ్వండి.

మా మైదానం మిగిలింది, చుట్టూ ప్రహరీ కూడా వచ్చింది. ఆ ఆరు గదులు మాత్రం ఇంకా అలాగే ఉన్నాయి, కేసు నడుస్తోంది. మీ బడి స్థలం దానమిచ్చిందా, ప్రభుత్వం కేటాయించిందా? అది చెబితే ముందు ఏ కాగితం అడగాలో రాస్తాను.