ఈఎమ్ థియరీ ఎక్కట్లేదని ఫిజిక్స్ వదిలేయాలా?

ప్రశ్న: సార్, నేను నాగర్‌కర్నూల్‌లో బీఎస్సీ ఎంపీసీఎస్ (మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్) రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్‌లో ఫిజిక్స్ బాగానే చేసేదాన్ని. ఎలక్ట్రోమాగ్నెటిక్ థియరీ మొదలయ్యాక మాత్రం ఏమీ ఎక్కట్లేదు. డెరివేషన్లు బట్టీ పట్టి ఇంటర్నల్స్ గట్టెక్కాను. ఐఐటీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేయాలని ఉండేది, ఇప్పుడు దానికి రాయాల్సిన ఎంట్రన్స్ జామ్ అంటేనే టెన్షన్. ఫ్రెండ్సంతా పైథాన్, డేటా సైన్స్ కోర్సుల్లో చేరుతున్నారు. నాన్నేమో డిగ్రీ అవగానే బీఈడీ చేయమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఒక చిన్న లెక్క చెయ్యి తల్లీ, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. ఒక ఘనం ఉంది. దాని ఒక మూల మీద క్యూ అనే ఛార్జ్ పెట్టాం. ఆ ఘనం గుండా పోయే ఫ్లక్స్, అంటే దాన్ని దాటిపోయే విద్యుత్ క్షేత్ర రేఖల లెక్క, ఎంత? "గాస్ నియమాన్ని తెలిపి నిరూపించండి" అంటే గడగడా రెండు పేజీలు రాసేవాళ్లు కూడా ఇక్కడ పెన్ను పక్కన పెట్టేస్తారు, ఎందుకంటే ఛార్జ్ లోపల ఉన్నట్టా బయట ఉన్నట్టా అన్నదే వాళ్లకు తేలదు. ఆ మూల చుట్టూ అలాంటివే ఇంకో ఏడు ఘనాలు పేర్చి చూడు. ఛార్జ్ సరిగ్గా మధ్యలోకి వచ్చేసింది కదా, గాస్ నియమం ప్రకారం మొత్తం ఫ్లక్స్ క్యూ బై ఎప్సిలాన్ నాట్ (ఎప్సిలాన్ నాట్ ఒక స్థిరాంకం), అందులో మన ఘనం వాటా ఎనిమిదో వంతు, అంటే క్యూ బై 8 ఎప్సిలాన్ నాట్. మరి ఒక్కో ముఖానికి ఎంత? ఆరుతో భాగించావంటే తప్పు. ఛార్జ్‌ను తాకుతున్న మూడు ముఖాల్లో ఫీల్డ్ ఆ ముఖం వెంబడే పోతుంది కానీ దాన్ని దాటి అవతలికి పోదు, కాబట్టి అక్కడ ఫ్లక్స్ సున్నా. మిగిలిన మూడు ముఖాలకూ సమానంగా క్యూ బై 24 ఎప్సిలాన్ నాట్. ఇందులో ఒక్క ఇంటిగ్రేషన్ కూడా లేదు, గమనించావా.

ఇది చదివి "ఓ, ఇదా" అనిపించిందంటే నీకు ఫిజిక్స్ బుర్ర ఉన్నట్టే. నిన్ను ఇబ్బంది పెడుతున్నది వెక్టర్ కాలిక్యులస్, అంటే దిశ ఉన్న రాశులతో చేసే కాలిక్యులస్, అని నా అంచనా. ఇంటర్‌లో ఛార్జ్‌లు రెండో మూడో ఉండేవి, సూత్రంలో విలువలు వేస్తే జవాబు వచ్చేది. డిగ్రీలో అదే కూలుంబ్ నియమాన్ని తీగ పొడవునా, పళ్లెం అంతటా, ఒక్కో చిన్న ముక్కకీ దిశ చూసుకుంటూ కూడుకుంటూ పోవాలి. గ్రేడియంట్, డైవర్జెన్స్, కర్ల్ అన్నిటినీ సెమిస్టర్ మొదటి వారంలో లాగించేసి నేరుగా డెరివేషన్లలోకి దిగితే విద్యుత్, అయస్కాంత క్షేత్రాలను కలిపి చెప్పే మాక్స్‌వెల్ సమీకరణాలు అర్థం తెలియని మంత్రాల్లా కనిపించడంలో నీ తప్పేం లేదు.

మరేం చేయాలి? సిలబస్ ఎక్కడిదాకా వచ్చిందన్నది పక్కన పెట్టి, ఓ నాలుగు వారాలు వెక్టర్ కాలిక్యులస్ మీదే కూర్చో. ఈ సబ్జెక్టుకు ప్రపంచమంతా వాడే గ్రిఫిత్స్ పుస్తకం మీ కాలేజీ లైబ్రరీలో ఉండొచ్చు, అడుగు. అందులో మొదటి అధ్యాయం అంతా వెక్టర్ గణితమే, ఎలక్ట్రోస్టాటిక్స్ మొదలయ్యేది రెండో అధ్యాయంలో. అంత పెద్ద పుస్తకం రాసినాయనే ఆ వరస పెట్టుకున్నాడంటే మనం దాటేసి వెళ్లడం దేనికి? స్ఫెరికల్, సిలిండ్రికల్ కోఆర్డినేట్లు చేతికి అలవాటవ్వాలి, వాల్యూమ్ ఎలిమెంట్‌లో ఆ ఆర్ స్క్వేర్ సైన్ తీటా రాయడం మర్చిపోయి లెక్క మొత్తం పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ. తర్వాత రోజుకు మూడు ప్రాబ్లమ్స్ చాలు, కానీ సొల్యూషన్ చూడకుండా. అరగంట గింజుకున్నా రాకపోతే అప్పుడు చూడు. యూట్యూబ్‌లో ఎవరో చేస్తుంటే చూసి తల ఊపడం చదువు కిందికి రాదు, ఈ మాట నీ ఒక్కదానికే కాదు, అందరికీ చెప్తున్నా.

చదివేటప్పుడు ఏ నియమం ఎక్కడ పనిచేస్తుందో పట్టుకో. పొడవాటి తీగ చుట్టూ ఫీల్డ్ కావాలంటే, కరెంటుకూ దాని చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రానికీ సంబంధం చెప్పే ఆంపియర్ నియమంతో రెండు లైన్లలో తేలిపోతుంది. చదరపు లూప్ మధ్యలో అడిగితే ఆ నియమం తప్పు కాకపోయినా సాయం చెయ్యదు, అంత సిమెట్రీ అక్కడ లేదు, తీగలోని ఒక్కో చిన్న ముక్క ఇచ్చే ఫీల్డ్ చెప్పే బయోట్ సావర్ట్ నియమం పట్టుకుని ఒక భుజానికి చేసి నాలుగుతో గుణించాల్సిందే. అలాగే ఛార్జ్ అవుతున్న కెపాసిటర్ దగ్గర కాసేపు ఆగు. ఆంపియర్ నియమంలో తీగ చుట్టూ గీసిన ఒకే వలయానికి, తీగను కోసే ఉపరితలం తీసుకుంటే కరెంటు ఉంటుంది, అదే ఉపరితలాన్ని ఉబ్బించి ప్లేట్ల మధ్యకు తెస్తే దాన్ని దాటే కరెంటు లేదు. ఒకే ప్రశ్నకు రెండు జవాబులా? మారుతున్న విద్యుత్ క్షేత్రాన్ని కూడా కరెంటులా లెక్కలోకి తెస్తూ 1860ల్లో మాక్స్‌వెల్ చేర్చిన డిస్‌ప్లేస్‌మెంట్ కరెంటుతోనే ఈ చిక్కు వీడుతుంది, కాంతి విద్యుదయస్కాంత తరంగమని తేలడానికీ అదే దారి. సిలబస్ మొత్తంలో నాకు బాగా ఇష్టమైన చోటు అదే. మన దగ్గర దాన్ని ఐదు మార్కుల షార్ట్ నోట్‌గా ముగించేస్తారు.

ల్యాబ్‌ని కూడా రికార్డు కాపీ కొట్టే పీరియడ్‌గా చూడకు. టాంజెంట్ గాల్వనోమీటర్ (కాయిల్‌లో కరెంటు పంపి మధ్యలోని దిక్సూచి ముల్లు ఎంత తిరిగిందో చూసే పరికరం) ఉంటుంది కదా, కాయిల్‌ను మాగ్నెటిక్ మెరిడియన్‌లో, అంటే దిక్సూచి చూపే ఉత్తర దక్షిణ దిశలో పెట్టి, సెల్‌ఫోన్ దూరంగా పెట్టి, డిఫ్లెక్షన్ 30 నుంచి 60 డిగ్రీల మధ్య ఉండేలా కరెంటు సర్దుకో. ఎందుకు ఆ మధ్యే అని వైవాలో అడుగుతారు, 45 దగ్గర కోణం చదవడంలో వచ్చే పొరపాటు ఫలితాన్ని అతి తక్కువగా చెడగొడుతుంది, ఒక డిఫరెన్షియేషన్‌తో తేలుతుంది, చేసి చూడు. భూమి అయస్కాంత క్షేత్రం హారిజాంటల్ భాగం మన ప్రాంతంలో సుమారు 40 మైక్రోటెస్లా. నీకు దాని దరిదాపుల్లో వస్తే ఆ రోజు నువ్వు నిజంగా ప్రయోగం చేసినట్టు. ఇదే క్షేత్రాన్ని హైదరాబాద్ ఎన్జీఆర్ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లు చౌటుప్పల్‌లోని అబ్జర్వేటరీలో నిత్యం నమోదు చేస్తుంటారు.

ఇక పైథాన్. నేర్చుకో, ఎవరొద్దన్నారు? ఎంపీసీఎస్ కాబట్టి కంప్యూటర్స్ ఎలాగూ ఉంది. అయితే కోర్సు ఫీజు కట్టే ముందు ఇది చెయ్యి: ఒక గ్రిడ్ తీసుకుని, అంచుల్లో వోల్టేజీలు ఇచ్చేసి, లోపలి ప్రతి గడినీ దాని చుట్టూ ఉన్న నాలుగు గడుల సగటుతో నింపుతూ పో. విలువలు మారడం ఆగిపోయేసరికి, ఛార్జ్ లేని చోట వోల్టేజీ ఎలా పరుచుకుంటుందో చెప్పే లాప్లాస్ సమీకరణం సాల్వ్ అయిపోయి ఉంటుంది. ఇరవై ముప్పై లైన్ల ప్రోగ్రాము, ఎక్సెల్‌లోనైనా చేయొచ్చు. ఈఎమ్, కోడింగ్ రెండూ ఒకేసారి వస్తాయి.

జామ్ సంగతి. మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో 20 ప్రశ్నలకు ఆప్షన్లుండవు, సంఖ్య నువ్వే కట్టాలి, వాటికి నెగెటివ్ లేదు. డెరివేషన్ ఎక్కడా అడగరు. అందుకే డిగ్రీలో డిస్టింక్షన్ వచ్చినవాళ్లు అక్కడ తడబడొచ్చు, ఇంటర్నల్స్‌లో బొటాబొటిగా పాసైనవాళ్లు నిలబడొచ్చు. హైదరాబాద్ ఐఐటీతో సహా ఐఐటీల్లో ఎమ్మెస్సీకి, వరంగల్ లాంటి నిట్‌లకు కూడా ఆ స్కోరే చూస్తారు. సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ, ఉస్మానియాకు సీపీగెట్ అనే ఎంట్రన్స్‌లు రాసుకుంటావు. మూడింటికీ చదివేది చాలావరకు ఒకటే కాబట్టి ఒక్క జామ్ మీదే ప్రాణం పెట్టుకోనక్కర్లేదు.

నాన్నగారు చెప్పేదాంట్లోనూ తప్పు లేదు. ఒట్టి బీఎస్సీ ఫిజిక్స్‌తో ఉద్యోగం రావడం కష్టం, ఆ భయంతోనే ఆయన బీఈడీ అంటున్నారు. బీఈడీ చేసి టెట్, డీఎస్సీ రాస్తే ఫిజికల్ సైన్స్ స్కూల్ అసిస్టెంట్ దారి ఉంది, అది ఎమ్మెస్సీ తర్వాతైనా ఉంటుంది. ఎమ్మెస్సీ ఉంటే జూనియర్ లెక్చరర్ పోస్టులకు, నెట్ కొడితే రీసెర్చికి, గేట్ కొడితే ఎంటెక్‌కి కూడా వెళ్లొచ్చు. ఇంకోటి కూడా ఆయనకు చెప్పు: ఇంటర్ సెకండియర్ ఫిజిక్స్‌లో దాదాపు సగం కరెంటు, మాగ్నెటిజమే. రేపు ఎక్కడ పాఠం చెప్పినా, నీట్ పిల్లలకైనా సరే, ఇది రాకుండా కుదరదు. ఇప్పుడు దీన్నుంచి తప్పించుకుని టీచరవ్వాలనుకుంటే క్లాసులో మళ్లీ ఎదురవుతుంది.

కాబట్టి ఇప్పుడేమీ వదలకు. వచ్చే వేసవి సెలవుల చివరికి ఒక ప్రాబ్లమ్ చేశాక ఇంకోటి చేయాలనిపిస్తోందా లేదా చూసుకో. అనిపిస్తే జామ్‌కు దిగు. అనిపించకపోతే డేటా సైన్స్‌కు వెళ్లిపో, నామోషీ ఏం లేదు, అప్పటికి నేర్చుకున్న మ్యాథ్స్ అక్కడా అక్కరకొస్తుంది.

ఫైనలియర్‌లో ఉండగానే జామ్‌కు అప్లై చేయొచ్చు, పరీక్ష ఫిబ్రవరిలో, అప్లికేషన్లు మాత్రం ముందు ఏడాది సెప్టెంబరు ప్రాంతంలోనే వచ్చేస్తాయి. నువ్వు బీసీ అయితే మీ సేవలో తీసుకున్న మామూలు రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ సరిపోదు, కేంద్ర ఫార్మాట్‌లో ఓబీసీ నాన్ క్రీమీలేయర్‌ది కావాలి, అది కూడా ఆ ఏడాదిది. తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగే పని నాన్నగారికి అప్పజెప్పు, ఆగస్టులోనే మొదలుపెట్టమను.